ఖాళీ వదిలిన నాలుగు వరుసలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరం తెలుగే మాట్లాడేవాళ్లం. రాయడం మాత్రం మా చిన్నమ్మ ఒక్కదానికే వచ్చు. చిన్నమనూరులో మావన్నీ తమిళ బడి చదువులు. ఆమె నాకు తెలుగు అక్షరాలు నేర్పింది ఒక జ్వరం పుస్తకంలో.

చిన్ననాడు కీళ్ల జ్వరం వచ్చి చిన్నమ్మ గుండె వాల్వు ఒకటి దెబ్బతింది. అయినా ద్రాక్షతోటలో అందరికంటే ముందు ఆమే. ఆ సంవత్సరం రోజూ సాయంత్రం వణుకుతో జ్వరం పట్టుకుంది, వారాలు గడిచినా వదల్లేదు. నేను థర్మామీటరు చూసి అంకె వేసేదాన్ని. పక్కన 'వణుకు', 'చెమట' అని వేలు పట్టి రాయించేది.

ఇంతలో ద్రాక్ష కోత వచ్చింది. చిన్నమ్మ మందుల షాపులో తానే ఏవో మాత్రలు కొనుక్కుని నాలుగు రోజులు మింగింది. జ్వరం తగ్గినట్టే తగ్గింది.

"మాత్రల సంగతి రాయొద్దు కణ్ణు. అవ్వకు తెలిస్తే నన్ను మంచానికి కట్టేస్తాది," అంది నవ్వుతూ. ముద్దొస్తే నన్ను తమిళంలో కణ్ణు అనేది. ఆ నాలుగు రోజుల నాలుగు వరుసలు ఖాళీగా వదిలాను. ఆమె రహస్యం నా దగ్గర ఉందని నాకెంత సంబరమో.

కోత ముగిసేసరికి ఆమె మెట్టెక్కలేకపోయింది. మదురైలో ఆసుపత్రిలో చేర్చారు. వాల్వు మీద క్రిములు గూడు కట్టాయని, ఏ క్రిమో తెలిస్తేనే సరైన మందు ఇవ్వగలమని డాక్టరమ్మ చెప్పింది. మూడుసార్లు రక్తం తీసినా పరీక్షలో ఏ క్రిమీ పెరగలేదు. ముందే మాత్రలేమైనా వేసుకుందా అని అడిగితే అవ్వ లేదంది. చిన్నమ్మ మగతలో ఉంది. నేను అవ్వ కొంగు వెనక నిలబడి ఉన్నాను. చేతిలోని జ్వరం పుస్తకాన్ని వెనక్కి దాచుకున్నాను.

రెండు రోజులకు చిన్నమ్మ తేరుకుంది. డాక్టరమ్మ నా పుస్తకం తెరిచి, తెలుగు తనకు రాదని, నన్నే చదివి తమిళంలో చెప్పమంది. చదువుతూ పోయి ఆ వరుసలు దాటేశాను.

"ఆ ఖాళీ గూడా చదువు కణ్ణు," అంది చిన్నమ్మ.

నేను ఏడ్చాను. "ఏం దాచిపెట్టినారే ఇద్దరూ?" అంది అవ్వ.

"దాన్ని అనొద్దమ్మా. రాయొద్దన్నది నేను. బిడ్డ నా మాట విన్నది, అంతే."

చెప్పాను. ఆ మాత్రలు క్రిముల్ని చంపలేదు గానీ పరీక్షకు దొరక్కుండా చేశాయని డాక్టరమ్మ అంది. కోప్పడలేదు. మందు మార్చింది.

వారం బాగానే గడిచింది. ఎనిమిదో రోజు మధ్యాహ్నం వాల్వు మీది ముక్క ఒకటి ఊడి మెదడుకు పోయింది. చిన్నమ్మకు మాట పోయింది, కుడిచెయ్యి పడిపోయింది. ఎడమచేత్తో పుస్తకం వైపు చూపించింది. ఆ పూట జ్వరం లేదు. అలాగే రాసి చూపిస్తే, నా అక్షరాల మీద ఒకసారి వేలితో దిద్దింది. మర్నాటికి ఆమె లేదు.

ఆ రెండు రోజులు ముందే నోరు తెరిచి ఉంటే బతికేదా అని పెద్దయ్యాక ఒక డాక్టరును అడిగాను. చెప్పలేమన్నారు.

ఇప్పటికీ నలుగురిలో నాకు మాట రాదు. ఆమె నేర్పిన అక్షరాలతో డైరీ రాస్తాను. దాచాలనిపించిన సంగతి ఉంటే అదే ముందు రాస్తాను. జ్వరం పుస్తకంలో ఆ నాలుగు వరుసలు అలాగే ఉన్నాయి. అప్పుడప్పుడు తీసి మొదటినుంచి చదువుతాను. ఆ ఖాళీ కూడా.