బావ కోడికూర, నా బండి చక్రాలు

ఆ రోజుల్లో ఇబ్రహీంపట్నంలో ఛాయ్ చల్లారేలోపు ఎకరం చేతులు మారేది. (అబద్ధమంటారా? కప్పు కడిగేలోపు అదే ఎకరం మళ్లీ అమ్ముడుపోవడం నేను కళ్లారా చూశాను.) ఆ ఊపులో మా బాపు కూడా రావిర్యాల వైపున్న మెట్టభూమి, మా చెలక, కాస్త అమ్మాడు. డబ్బు ఇల్లు చేరగానే అందరికీ అవసరాలు పుట్టుకొచ్చాయి. బాపుకి ట్రాక్టరు, అమ్మకి పాడిబర్రె, నాకు సెకండ్‌హ్యాండ్ మోటార్‌సైకిల్. గ్రూప్ పరీక్షల కోచింగుకి పోవడానికని పైకి చెప్పేవాణ్ణి. శేరిగూడ ఇంజనీరింగ్ కాలేజీలు విడిచే వేళకి ఆ గేట్ల ముందు నుంచి ఓసారి దర్జాగా పోవాలన్నది లోపలి మాట.

కోచింగులో అప్పుడే రాష్ట్ర ఆర్థిక వ్యవహారాలు చెబుతున్నారు. నేర్చుకున్నది వడ్డించకుండా ఊరుకునే రకం కాదు నేను. "సర్కారుకు ఆకస్మిక నిధి అని ఒకటుంటది. ఇంత అని చట్టం చేసి, మామూలు ఖర్చుల నుంచి వేరే తీసి పెడతరు. వరదొస్తే అసెంబ్లీ కూడేదాక నీళ్లాగుతయా? గవర్నర్ చేతి కిందుండే ఆ పైసలు తీసి వాడతరు. తర్వాత అసెంబ్లీ సరే అనాలె, తీసినంత బడ్జెట్ల నుంచి మళ్ల నింపాలె. అనుకోని ఖర్చయితేనే తియ్యాలె, గదే షరతు" అని ఒక సాయంత్రం ఇంట్లో ఉపన్యాసం దంచాను.

"గిదేదో మంచిగున్నది. మనింట్ల సుత పెడదాం. గవర్నర్ నేనే" అంది నాయనమ్మ. పోటీ చేసేవాళ్లెవరూ లేరు. చెలక డబ్బులో కొంత ఇనుప పెట్టెలోకి, దాని తాళంచెవి ఆమె నడుముకి చేరాయి. రాత్రి భోజనాల దగ్గర కూర్చున్న వాళ్లమంతా అసెంబ్లీ.

మొదటి దెబ్బ బాపుకే తగిలింది. బోరు మోటారు కాలిందని పెట్టె దగ్గరికి పోతే, "ఎండాకాలమొస్తే కాలుడే గద దాని పని. అనుకోనిదెట్లయితదిరా?" అని నాయనమ్మ వెనక్కి పంపింది. "నిన్ను సదివిపిచ్చుడు నాదే తప్పు" అన్నాడు బాపు నన్ను చూసి. నేను మురిసిపోయాను.

అది మా బావ వచ్చేదాకానే. అక్క మొగుడు, హయత్‌నగర్‌లో ఇనుప రేకుల దుకాణం. ఫోన్ చేసి వస్తే పప్పూ చారూ పెట్టేవాళ్లం. ఓ ఆదివారం చెప్పకుండా దిగాడు. "అల్లుడొస్తడని ఎవలనుకున్నరు? అనుకోనిదే! కోడిని తేపో" అని నాయనమ్మ పెట్టె తెరిచింది. అసెంబ్లీ బొక్కలు నములుతూ ఏకగ్రీవంగా ఆమోదించింది. మరి పెట్టె నింపేదెలా? అందరి చూపూ నా మీద వాలింది. "నీ బండికని పెట్టిన పైసలున్నయ్ గద, బండి జర ఆగుతది తియ్" అన్నాడు బాపు, ఎంతో తృప్తిగా.

ఈ సూత్రం మా బావకి కోచింగ్ సారు కంటే బాగా అర్థమైంది. ప్రతి ఆదివారం చెప్పకుండానే రావడం మొదలుపెట్టాడు. ఒక ఆదివారం నా బండి ముందు చక్రం తిన్నాడు, మరో ఆదివారం వెనక చక్రం. ఇక లాభం లేదని అక్కకి ఫోన్ చేశాను: "అక్కా, ఈ ఐతారం వస్తున్నరా?" (అవునంటే చాలు, అనుకున్నదైపోతుంది, పప్పే.) వెనక నుంచి "రామని చెప్పు!" అని బావ గొంతు. అన్నట్టే ఆదివారం రాలేదు. గురువారం వచ్చాడు.

"నాయ్నమ్మా, బావ వచ్చుడు అనుకోనిదెట్లయితది?" అని సభలో నిలదీశాను.

"గట్లయితే మళ్ల ఏనాడొస్తడో చెప్పు బిడ్డా."

"సదువుకున్నోడు గద అత్తమ్మా, లెక్కగట్టి చెప్తడు" అన్నాడు బావ మా అమ్మతో, కోడిబొక్క చప్పరిస్తూ.

ఆ వానాకాలం గాలివానకి మా కొట్టం గోడ కూలి, పైకప్పు ఎగిరిపోయింది. బర్రెలు తడుస్తున్నాయి. ఎవరూ అడగకముందే నాయనమ్మ పెట్టె తెరిచింది. నిండుగా ఉంది. (ఉండదా మరి? హ్యాండిలు తప్ప నా బండంతా అందులోనే ఉంది.) బాపు మేస్త్రీని పిలిపించి గోడ పని మొదలుపెట్టించాడు. రేకులకి ఎక్కడికి పోవాలా అనుకుంటుండగా వాకిట్లో ట్రాలీ ఆటో ఆగింది. రేకుల మీద బావ, నిలువునా తడిసి. ఫోన్ లైన్లన్నీ పడిపోయి ఉన్నాయి, ఆయనకి కబురు చేసిన వాళ్లెవరూ లేరు.

"గాలికి మా దుకాణం బోర్డే లేసిపోయింది. మీ కొట్టం ఉంటదా అనుకున్న" అన్నాడు. బాపు పైసల మాట ఎత్తబోతే, "కోడికూరల కట్ చేస్కో మామా" అన్నాడు.

అందరూ నావైపు చూశారు. "నాయ్నమ్మా, పెట్టె తియ్. గిది మాత్రం అనుకోనిదే" అన్నాను. బండికి మిగిలిన హ్యాండిలు కూడా అలా నా నోటితోనే కోడిపాలు చేశాను.

తర్వాత ఉద్యోగమొచ్చి, నా జీతంతోనే బండి కొన్నాను. శేరిగూడ గేట్ల ముందు నుంచి దర్జాగానే పోయాను. నేను చూపించుకోవాలనుకున్న బ్యాచ్ అప్పటికి పాసై వెళ్లిపోయింది. నాయనమ్మ ఇప్పుడు లేదు. బావ సెల్‌ఫోన్‌లో, "బయల్దేరినం, ఏం వండకుండ్రి, తినొస్తున్నం" అని చెప్పి మరీ వస్తున్నాడు. అయినా ఆదివారం గేటు చప్పుడైతే, చెప్పకుండా వచ్చాడేమోనని తొంగిచూస్తాను. ఎందుకైనా మంచిదని శనివారమే కోడిని తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టుకుంటాను. నాయనమ్మ ఉంటే ఆ ఖర్చు ఒప్పుకునేది కాదు. "నిన్ననే తెచ్చి పెట్టుకున్నవ్, అనుకోనిదెట్లయితదిరా?" అనేది.