ఎగ్జిబిషన్‌లో రూపాయి దోసె

బెజవాడ ఎగ్జిబిషన్‌కు వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచీ మా జగ్గయ్యపేట బడిలో అందరిదీ ఒకటే ప్రశ్న. రంగులరాట్నం ఎంత ఎత్తుందని కాదు, బావిలో మోటారు సైకిలు ఎలా తిరిగిందని కాదు. లోపలి హోటల్లో మసాలా దోసె రూపాయట కదా, తిన్నారా, అంత పెట్టి తినొచ్చా అని. అదే దోసె బయట గవర్నరుపేటలో పావలా. నాలుగింతలు పోసి తినడం శుద్ధ దండగ అని అందరికంటే ముందు అనేదాన్ని నేనే. కొసరు పచ్చిమిరపకాయ కోసం కూరగాయలామెతో తగువు పెట్టుకునే మనిషిని, ఆ సంగతి పేట బజారుకంతా తెలుసు. అలాంటిదాన్ని రెండు దోసెలకు రెండు రూపాయలు ఇచ్చి వచ్చాను. ఎందుకిచ్చానో, ఇచ్చినందుకు ఏం దక్కిందో చెబుతాను. వెళ్ళాలనుకునేవాళ్ళకు దారీ ఖర్చులూ కూడా పనిలో పనిగా తెలుస్తాయి.

ఈ ప్రయాణం నా సరదాకు కాదు, మా నాన్న కోసం. మాది చందర్లపాడు దగ్గర చిన్న ఊరు. నాన్న పేరు ఏసోబు, పొలం కూలి. నన్ను మిషను బడిలో చదివించి టీచర్ని చేశాడు. మా ఊళ్ళో ఒక కాఫీ హోటలుంది. లోపల బల్లలూ బెంచీలూ ఉన్నాయి గానీ అవి ఊరి చివర మా పేటవాళ్ళకు కాదు. మేం మెట్టు కింద నిలబడాలి. మాకని విడిగా పెట్టిన గ్లాసు తీసి పట్టుకుంటే పైనుంచి పోస్తారు. తాగాక ఆ గ్లాసు మేమే కడిగి, దాని చోట బోర్లించి రావాలి. ఇలా చేయకూడదని చట్టం వచ్చిందని మా హెడ్మాస్టరుగారు చెబుతుంటారు. వచ్చే ఉంటుంది. నందిగామలో బస్సు దిగి, మా ఊరి బండి దొరక్క అక్కడే కూర్చున్నట్టుంది.

మొన్న క్రిస్మస్‌కు ఇంటికెళ్ళినప్పుడు, నాన్నా నీకేం కావాలో అడుగు, తెస్తాను అన్నాను. కొత్త కండువా అంటాడనుకున్నాను. ఆయన మెడ గోక్కుంటూ చాలాసేపు ఆలోచించి, "బల్ల కాడ కూకొని తినాలని ఉందమ్మా, ఒక్కసారి. ఎవరన్నా తెచ్చి ముందు పెడతా ఉంటే" అన్నాడు. వెంటనే, అడగరానిది అడిగినట్టు నవ్వేసి, పిచ్చి కోరికలే, కండువా తేపో అన్నాడు. యాభై ఏళ్ళ మనిషి, జీవితంలో కూతుర్ని కోరిన ఒకే ఒక్క కోరిక అది. ఏమైనా సరే తీర్చాలనుకున్నాను.

నందిగామ హోటళ్ళలో మాత్రం కుదరదు. అక్కడ నాన్న ఎవరో తెలియనివాళ్ళు లేరు, వాళ్ళు రమ్మన్నా ఆయన మెట్టెక్కడు. బెజవాడ హోటళ్ళంటేనా, మీరెవరు అని ఎవరైనా అడిగితే రెండోసారి అడిగేలోపే నిజం చెప్పేసే మనిషి ఆయన. మా బడిలో సుగుణమ్మ టీచరుగారు ఉపాయం చెప్పారు. ఎగ్జిబిషన్ లోపలి హోటలుకు తీసుకెళ్ళు, అక్కడ అడిగేది టిక్కెట్టు ఒక్కటే, మనుషుల సంగతి ఎవరికీ పట్టదు అన్నారు. రేటు విని గుండె జారింది గానీ సరే అనుకున్నాను. అమ్మను కూడా రమ్మన్నాను. మీ తండ్రీకూతుళ్ళకు పనిలేకపోతే నాకూ లేదా అని కలుపుకు వెళ్ళిపోయింది.

ఎండలు ముదరకముందే ఒక శనివారం చూసుకున్నాం. జగ్గయ్యపేటలో ఆరున్నరకు బస్సుంది. నందిగామ చేరేసరికి నాన్న అప్పటికే వచ్చి సెంటర్లో నిలబడి ఉన్నాడు. గంజిపెట్టిన తెల్ల పంచె, నున్నగా గీయించుకున్న గడ్డం, కాళ్ళకు నేను కొనిచ్చిన చెప్పులు. తెల్లవారుజామునే బయల్దేరి కొంత దూరం నడిచి, కొంత దూరం మిరపకాయల బండి మీద వచ్చాడట. బస్సెక్కి, నా పక్కన సీటు ఖాళీగా ఉన్నా వెనక కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. కండక్టరు చూసి, "పెద్దాయనా, నుంచున్నందుకు టిక్కెట్టు తగ్గదు, కూచో" అన్నాడు. అప్పుడొచ్చి కూర్చున్నాడు, అదీ సీటు అంచున. నందిగామ నుంచి బెజవాడకు మనిషికి రూపాయి పావలా, రెండు గంటల ప్రయాణం. పొద్దున్నపూట వెళ్ళేవాళ్ళు కుడివైపు కూర్చోండి, ఎడమవైపు ఎండ మొహాన కొడుతుంది. కీసర దగ్గర మునేరు దాటాక కంచికచర్లలో కాఫీకి ఆపుతారు. నాన్న దిగలేదు. పరిటాల దాటేదాకా దారంతా దుమ్మే, తలకు గుడ్డ కట్టుకోకపోతే బెజవాడలో దిగేసరికి మనల్ని మనమే గుర్తుపట్టం.

ఎగ్జిబిషన్ తలుపులు సాయంత్రం నాలుక్కు గానీ తెరవరు. ఈ ముక్క ముందే తెలిస్తే మధ్యాహ్నం బస్సుకే వచ్చేవాళ్ళం. రిక్షావాడు ముప్పావలా అడిగితే నాకు ఒళ్ళు మండింది, నడిచే వెళ్ళాం. బ్యారేజీ మీద నిలబడి నీళ్ళు చూశాం. గట్టున కూర్చుని అమ్మ కట్టిచ్చిన గోంగూరన్నం తిన్నాం. నాన్న సగమే తిని మూట కట్టేశాడు. ఆకలి అట్టే పెట్టుకుంటున్నాడని తెలిసి నవ్వొచ్చింది. లోపలికి వెళ్ళడానికి మనిషికి పావలా. అద్దాలలో మనిషి పొట్టిగా, పొడుగ్గా కనిపించే డేరా ఉంది, బాగుంటుంది. బొమ్మల దుకాణాల జోలికి పోకండి, మట్టి గుర్రానికి అర్ధరూపాయి చెబుతున్నారు. నేను ఒక్కో కొట్టు దగ్గరా బేరమాడుతుంటే నాన్న ఓపిగ్గా నిలబడి, కాసేపటికొకసారి, హోటలు ఎటుందమ్మా అని మెల్లగా అడిగేవాడు.

హోటలంటే పెద్ద డేరా. తెల్లగుడ్డ పరిచిన బల్లలు, చుట్టూ ఇనుప కుర్చీలు, మూలన గుయ్యిమంటున్న ఫ్యాను. నాన్న గుమ్మం దగ్గర చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాడు. వేసుకో నాన్నా, ఇక్కడ అందరూ వేసుకునే కూర్చుంటారు అని తొడిగించి తీసుకెళ్ళాను. నాలుగు కుర్చీల బల్ల దగ్గర రెండు ఖాళీగా ఉన్నాయి, రెండూ దారివైపువే. లోపలివైపు భార్యాభర్తలిద్దరు ఎదురెదురుగా కూర్చుని కాఫీ తాగుతున్నారు. నాన్నను ఆ భర్త పక్కన కూర్చోబెట్టి, తినేటప్పుడు ఆయన మొహం చూడాలని నేను ఎదురు కుర్చీలో కూర్చున్నాను. దానికి ఇప్పుడు విచారిస్తున్నాను.

ఆ భర్తకు తెనాలిలో బట్టల కొట్టట. మాటకారి. నాన్న సర్దుకుని కూర్చోగానే, "ఏ ఊరండీ మీది?" అన్నాడు. నాన్న నా వైపు చూసి, "నందిగామ కాడండి" అన్నాడు. వ్యవసాయమాండీ అని ఆయన, వ్యవసాయమేనండి అని నాన్న. అబద్ధమేం కాదు, ఆ పొలాలు దున్నేదీ నాటేదీ మా నాన్నే కదా. తర్వాత ఆయన, ఈ ఏడు మిరపకు ధర నిలబడుతుందంటారా అని అడిగాడు. నాన్న చెయ్యి బల్ల మీద పెట్టుకుని, ఆలోచించి, ఆకుముడత పడిందండి, సరుకు తక్కువే వస్తది, కాబట్టి నిలబడొచ్చని చెప్పాడు. ఆయన శ్రద్ధగా తలూపాడు. అంతవరకూ నాన్నకు అంచుమీద కూర్చునే అలవాటు. అప్పుడు చూద్దును కదా, వెనక్కి ఆనుకుని కూర్చున్నాడు. అంతమంచి బట్టలు కట్టుకున్న మనిషి మా నాన్నను మీరు అనడం, మీరేమంటారని అడగడం నేను పుట్టాక మొదటిసారి చూశాను. నా కడుపు నిండిపోయింది, దోసె రాకముందే.

దోసె సంగతి అడుగుతున్నారు కాబట్టి ఉన్నమాట చెబుతాను. పేరు గొప్ప, ఊరు దిబ్బ. చూడ్డానికి పళ్ళెం దాటి వేలాడుతుంది, లోపల కూర గరిటెడు కూడా లేదు. చట్నీ నీళ్ళు. బంగాళాదుంపలో ఉప్పు మరిచిపోయారు. నాన్న మాత్రం కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుని, చిన్న చిన్న ముక్కలు తుంచుకుని, ఎక్కడ అయిపోతుందోనన్నట్టు తిన్నాడు. ఎట్టుంది నాన్నా అంటే, "వేడిగా ఉందమ్మా" అన్నాడు. ఎవరో తెచ్చి ముందు పెట్టిన వేడి తిండి ఆయనకు అదే మొదలు. తర్వాత రెండు కాఫీలు చెప్పాను, ఒక్కోటి పావలా. ఆ తెనాలి దంపతులు కూడా ఇంకో కాఫీ తెప్పించుకున్నారు.

డబ్బు తీయడానికి సంచిలో వెతుకుతున్నాను. కుర్చీ జరిగిన చప్పుడైంది. తలెత్తేసరికి నాన్న లేడు, ఆయన గ్లాసూ లేదు. డేరా స్తంభం దగ్గర నీళ్ళ డ్రమ్ము ఉంది. అక్కడ వంగి గ్లాసు తొలుస్తున్నాడు. తొలిచి, దాన్ని పెట్టే చోటు కోసం అటూ ఇటూ చూసి, ఎక్కడా కనబడక, స్తంభం మొదట్లో నేల మీద బోర్లించాడు. కావాలని చేసింది కాదు, కాఫీ తాగాక ముప్పై ఏళ్ళుగా చేస్తున్న పని అది, చేతులు వాటంతటవే చేసేశాయి. సర్వరు చూసి పెద్దగా నవ్వాడు. "అదేంటి పెద్దాయనా, కడగడానికి మేం లేమా? దానికీ కలిపే మా రేటు" అన్నాడు. వాడి మనసులో ఏమీ లేదు, ఉత్త వేళాకోళం. కానీ డేరాలో సగం మంది అటు తిరిగారు.

నాన్న కూడా కొంచెం నవ్వుతూ వచ్చి కూర్చున్నాడు. నా పక్కన ఆ ఇల్లాలు తన గ్లాసును మెల్లగా తన వైపు జరుపుకుంది. ఆమె మొగుడు నేల మీద గ్లాసును చూశాడు, నాన్న చేతుల్ని చూశాడు.

"ఏ ఊరన్నావు?" అన్నాడు.

అదే మనిషి, అదే ప్రశ్న, గొంతు కూడా పెంచలేదు. అండీ పోయి నువ్వు వచ్చింది, అంతే. ఆ మాట పూర్తి కాకుండానే నాన్న లేచి నిలబడ్డాడు. భుజం మీది కండువా చంకలోకి దిగింది. "చందర్లపాడు కాడయ్యా" అన్నాడు.

నా ఒళ్ళంతా మండిపోయింది. పిల్లలకు ఏకవచనం, బహువచనం చెప్పుకునేదాన్ని, ఊరుకోలేకపోయాను. "ఇందాక మా నాన్నను మీరన్నారు. ఇంతలోకే ఏమైందండీ?" అన్నాను.

ఆయన నిజంగానే తెల్లబోయాడు. "నేనేమన్నానమ్మా? ఊరడిగాను, అంతేగా" అన్నాడు. ఏమన్నాడో ఆయనకే తెలియదు. తెలిసి అని ఉంటే ఇంకో రెండు మాటలు అని దులిపేసేదాన్ని. కాఫీలు సగంలో వదిలేసి వాళ్ళిద్దరూ లేచి వెళ్ళిపోయారు. మమ్మల్ని ఎవరూ పొమ్మనలేదు. కుర్చీ అక్కడే ఉంది, డబ్బు మేమూ ఇస్తున్నాం, నాలుగు కుర్చీలూ మావే. కూర్చో నాన్నా, ఇంకో కాఫీ తాగుదాం అని బతిమాలాను. చాల్లేమ్మా, తిన్నాంగా అన్నాడు. నేను లేచిందాకా అలా నిలబడే ఉన్నాడు.

ఏడింటికి తిరుగు బస్సుంది, అది పోతే పొద్దున్నే. నాన్న ఈసారి నా పక్కనే కూర్చున్నాడు. ఆ తెనాలాయన్ని నేను తిడుతూనే ఉన్నాను, ఇబ్రహీంపట్నం దాకా నోరు మూయలేదు. అప్పుడు నాన్న నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆయన్ని ఏమీ అనమాకమ్మా. లెమ్మని ఆయన అన్లేదు. నేనే లేచా."



అంత పెట్టి తినొచ్చా అని అడిగారు. దోసెకైతే పావలా కూడా ఎక్కువే. ఆ కుర్చీలో మా నాన్న వెనక్కి ఆనుకుని మిరప ధర చెప్పిన కాసేపటికి ఎంతిచ్చినా తక్కువే. కానీ ఒక్క సాయంత్రం డబ్బు పెట్టేస్తే సరిపోతుందనుకున్నాను చూడండి, అక్కడ మోసపోయాను. చిన్నప్పటి నుంచీ నిలబడ్డ మనిషిని కూర్చోబెట్టాలంటే ఒక దోసె చాలదు, పది సార్లు తీసుకెళ్ళాలి, ఇరవై సార్లు తీసుకెళ్ళాలి. మొన్న ఇంటికెళ్ళి, వచ్చే నెలలో మళ్ళీ వెళ్దామా నాన్నా అన్నాను. "చూశాంగా" అన్నాడు. ఆ మాటన్నాక ఆయన్ని ఎలా ఒప్పించాలో నాకు తెలియడం లేదు. ఆయనకున్న ఒక్క కోరికనూ నేనే తీసుకెళ్ళి అక్కడ పోగొట్టి వచ్చినట్టుంది.

వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా. ఇంట్లో పెద్దవాళ్ళను తీసుకెళ్తే వాళ్ళను లోపలివైపు కుర్చీలో కూర్చోబెట్టి, దారివైపు కుర్చీలో మీరు కూర్చోండి. వాళ్ళు లేవాలంటే ముందు మీరు లేవాలి. మీరు లేవకండి.