మగ్గం ఆపించిన నర్సక్క

నర్సక్క పోయిందని పొద్దున కొళాయి దగ్గర తెలిసింది. నీళ్ళు పట్టుకుంటున్న పక్కింటావిడ ఆ కబురు చెప్పి, "పాపం, ఆ నోరు ఇంగ ఆగిపాయ" అంది. నాకు ఒళ్ళు మండింది. ఆ నోరే లేకపోతే ఇవాళ నా చంకలో కూతురు లేదు. ఆ మాట ఆవిడ మొహానే అనేసి, బిందె నిండకముందే ఇంటికొచ్చి ఏడ్చాను.

తమిళనాడులో తిరుత్తణి పక్కనున్న మా నేతవీధిలో పిల్లలకీ పెద్దలకీ ఆమె నర్సక్కే. ఆరోగ్య కేంద్రంలో నర్సుగా పనిచేసి రిటైరయినా, ఏ ఇంట్లో కాన్పయినా పిలవకుండానే వచ్చేది. రాగానే చేతులు కడుక్కునేది, పలకరింపు ఆ తర్వాతే. నా బిడ్డ ఇంటికొచ్చిన రోజు మా అత్త దాని నాలుకకు తేనె రాయబోతే నర్సక్క గిన్నె లాగేసుకుంది.

"ఫోన్లో కూడా తేనె వద్దనే ఉందక్కా" అన్నాను గొప్పగా. అప్పటికే నేను ఫోన్లోని చాట్‌బాట్‌ను రోజుకు పాతికసార్లు అడుగుతున్నాను.

ఆమె నవ్వింది. "మంచిదే చెప్పిందిలే. ఇన్నేండ్లు నేను గొంతు చించుకున్నా ఒక్క అవ్వా వినలా. దానికి మర్యాద ఎక్కువ మే, అందుకే వింటా ఉండారు."

ఐదో రోజు బిడ్డ ఏడవడం మానేసింది. పాలకు కూడా లేవడంలేదు. "బిడ్డ రోజంతా నిద్రపోతోంది, మంచిదేనా?" అని బడిలో నేర్చిన తమిళంలోనే టైపు చేశాను. పసిబిడ్డలు ఎక్కువసేపే పడుకుంటారు, కంగారు వద్దు అని వచ్చింది. లేపినా లేవకపోతే వెంటనే డాక్టరుకు చూపించమని ఆ కిందే ఉంది. అంతదాకా నేను చదవలేదు. కావలసిన మాట దొరికింది, చాలనుకున్నాను. అబద్ధమెందుకు, తప్పు నాదే.

మధ్యాహ్నం నర్సక్క వచ్చి, ఉయ్యాలలోకి చూసి, "మగ్గం ఆపండి!" అని అరిచింది. మా వీధి పిల్లలు మరమగ్గం మోతలోనే నిద్రపోతారు, మోత ఆగితే ఉలిక్కిపడి లేస్తారు. మా ఆయన స్విచ్ ఆపాడు. బిడ్డ కదల్లేదు. నర్సక్క అరికాలి మీద వేలితో కొట్టింది. కాస్త మూలిగిందంతే. కిటికీ వెలుగులోకి తెచ్చి ముక్కు మీద నొక్కి చూసింది. పచ్చగా పసుపు.

"ఇది నిద్ర గాదు మే. ఎత్తుకో, సీక్కిరం ఆస్పత్రికి పోవాల."

"ఫోన్లో పరవాలేదని..."

"అది నీ బిడ్డని ఎత్తుకుందా? నువ్వు సూసినావా? ముందు అది చెప్పు!"

తిరువళ్ళూరు ఆస్పత్రి దాకా కారులో నన్ను తిడుతూనే ఉంది. కామెర్లు బాగా ముదిరాయన్నారు. ఇంకొక్క రోజు ఆలస్యమైతే, అని డాక్టరు మాట మధ్యలో ఆపేశాడు. నీలం లైటు కింద నాలుగు రోజులుంచి బిడ్డను నా చేతికిచ్చారు.

ఇప్పటికీ ఫోన్ని అడుగుతాను. ఎవరేమనుకున్నా దాచను. నర్సక్కకూ చెప్పాను. "అడుగు మే, ఎవురొద్దన్నారు? బిడ్డ మొగం జూసి అడుగు" అంది.

ఆమె పోయిన రోజు, ఎనిమిది నెలల బిడ్డతో చావింటికి పోకూడదని అత్త గుమ్మానికి అడ్డం నిలబడింది. ఫోన్ని అడగలేదు, అత్త మాటా వినలేదు. చంకనెత్తుకుని వెళ్ళాను. పలకడప్పుల మోతకు బిడ్డ బెదిరి కెవ్వుమంది. మాటలు వినబడనంతగా ఏడుపు.

"బిడ్డని బయటికి తీసకపోమ్మే" అని ఒక పెద్దాయన కసిరాడు.

"పోను తాతా. ఏడవనీ" అన్నాను.

నర్సక్క తల పక్కనే కూర్చున్నాను. నా కూతురు మొహం ఎర్రగా కందిపోయింది. ఊపిరి తీసుకుని, మళ్ళీ ఏడుపందుకుంది.