వాయిదా కదిలితే కట్టా కదలాలన్న సార్

పొద్దున టీ గ్లాసు చేతిలో ఉండగానే ఫోను టింగుమంది. ఆ రోజు వాయిదా పేరు, దాని కింద ఒక వాక్యం, ఆ కింద కేసు కాగితాల లింకు. వేలితో తాకగానే ఫైలు తెరుచుకుంది. అది తెరుచుకుంటుందో లేదోనని నాకు రోజూ బెంగే. ఈ బెంగ నాకు అంటించినవారు వకీలు వరదరాజులు సార్. తమిళనాడులోని తిరువళ్లూరులో ఆయన దగ్గర చాలా ఏళ్లు గుమాస్తాగా పనిచేశాను. ఆయన పోయారు గానీ ఆయన మీద నా చిరాకు మాత్రం ఇంకా పోలేదు.

నేను ప్లస్ టూతో చదువు ఆపినదాన్ని. ఆ తర్వాత నా కాలేజీ మా ఊరి గ్రంథాలయమే. తెలుగు పుస్తకాలు అక్కడ ఒక్క అరలోనే ఉండేవి. అవన్నీ అయిపోయాక తమిళం వాటి మీద పడ్డాను. ఇంట్లో కంప్యూటరు లేకుండానే కంప్యూటరు పుస్తకాలు చదివేశాను. సార్ ఆఫీసులో కంప్యూటరు పెట్టగానే ఆ చదువంతా బయటికి తీశాను. కేసుకొక ఫోల్డరు చేశాను. తిరువళ్లూరు, తిరుత్తణి కోర్టుల వాయిదాలన్నీ క్యాలెండరులో ఎక్కించి, ప్రతి వాయిదాకు దాని కాగితాల లింకు పెట్టాను. కాపీ అతికిస్తే సార్ తర్వాత చేసే దిద్దుబాట్లు అందులోకి రావు. లింకైతే ఎప్పుడు తాకినా అసలు ఫైలే తెరుచుకుంటుంది. షరతు ఒక్కటే, ఫైలును ఉన్నచోటి నుంచి కదపకూడదు.

సార్ కదిపేవారు. ఆయన గదిలో గోడ పొడుగునా తేదీల వారీగా చెక్క అరలుండేవి. కోర్టు నుంచి రాగానే కేసు కట్టను కొత్త వాయిదా తేదీ అరలోకి మార్చిగానీ కాఫీ ముట్టేవారు కాదు. కంప్యూటరులోనూ అదే పని మొదలుపెట్టారు. తేదీల పేర్లతో ఫోల్డర్లు చేసి, ఫైళ్లను వాటిలోకి లాగేసేవారు. నా లింకులన్నీ చచ్చిపోయేవి.

“సార్, యాడిదాన్ని ఆడే ఉండనీండి. తేదీ మారితే క్యాలెండరు చూసుకుంటాది.”

“వాయిదా కదిలినాక కట్ట కదలకుండా ఎట్లుంటాదమ్మా? పాత తేదీలో పండుకోనుంటే దాన్ని ఎవరు లేపేది?”

“లింకు లేపుతాది సార్. పుస్తకంలో అట్లే ఉండాది.”

“ఆ పుస్తకం రాసినాయప్ప ఎన్ని వాయిదాలకు పోయినాడంట?”

రోజూ పొద్దున్నే వచ్చి, ఆయన కదిపినవన్నీ వెతికి, లింకులు మళ్లీ పెట్టుకునేదాన్ని.

మునిలక్ష్మి అక్క కేసు నాడు ఆ పని కుదరలేదు. ఆమెది కనకమ్మ సత్రం దగ్గర పల్లె. చెరకు కోతకొచ్చింది. బండి పోయే దారికి అడ్డంగా పక్క పొలం వాళ్లు కంచె వేసేశారు. తాతలు పొలం పంచుకున్ననాటి భాగపత్రంలో ఆ దారి తెలుగులో రాసి ఉంది. దాన్ని తమిళంలోకి మార్చి కోర్టుకు ఇస్తేనే కంచె మాట తేలుతుంది, లేకపోతే చెరకు నిలువునా ఎండిపోతుంది. మార్చింది నేనే. ముందు రోజు పొద్దు చాలక ఆ కేసును మరునాటికి వేశారు. సార్ సాయంత్రం వచ్చి నా తమిళాన్ని దిద్దారు, ఆ తర్వాత అలవాటుగా ఫైలును కొత్త తేదీలోకి లాగేశారు. తిరుత్తణి కోర్టు ముందున్న జెరాక్సు అంగడిలో ప్రింటు తీసుకోవచ్చులే అని మరునాడు అలాగే వెళ్లిపోయారు. నేను పొద్దున్నే తిరువళ్లూరు కోర్టులో వేరే పని మీద ఉన్నాను. అక్కడికి ఫోను వచ్చింది.

“ఏమ్మా రేవతీ, నొక్కతాండాను, ఫైలే లేదంటాది. ఎన్నమ్మా ఇది?”

“దాన్ని యాడికి లాగినారు సార్?”

“యాడికి లాగుతాను? ఈ పొద్దు తేదీలోకే లాగినాను!”

ఆఫీసుకు పరుగెత్తి ఫైలు వెతికి పట్టుకున్నాను. పంపితే సరిపోదు, మార్చినదాన్ని కాబట్టి ప్రతి పేజీలో నా సంతకం ఉండాలి. సార్ మధ్యాహ్నం దాకా గడువు అడిగి తీసుకున్నారు. ప్రింటు తీసి, సంతకాలు పెట్టి, రైలెక్కి తిరుత్తణిలో దిగాను. కోర్టు కాగితం చూసింది, కేసు తేలేదాకా దారికి అడ్డం ఉండకూడదని చెప్పింది.

వరండాలోకి రాగానే నేను సార్ మీద విరుచుకుపడ్డాను. “లాగొద్దండీ అని ఎన్ని తూర్లు చెప్పేది సార్!”

“నీ లింకుకు కాళ్లు లేకుంటే నేనేమి చేసేదమ్మా?”

“కాళ్లు మీరే కదా ఇరగ్గొట్టేది!”

ఇద్దరం అలా అరుచుకుంటుంటే పక్క బెంచీ మీద నుంచి సన్నగా ఒక గొంతు వినిపించింది. “పోయిందా అయ్యా?”

పొద్దుటి నుంచి మునిలక్ష్మి అక్క అక్కడే కూర్చుని ఉంది. లోపల ఏం జరిగిందో ఆమెకు మేమెవరమూ చెప్పలేదు. మా కోపం చూసి కేసు పోయిందనుకుంది. కొంగు మడిచి పళ్ల కింద పెట్టుకుంది.

సార్ వెళ్లి ఆమె పక్కన కూర్చున్నారు. “పోలేదమ్మా. కంచె తీసెయ్యమన్నారు. నీ బండి పోతాది.”

“మరి మీరెందుకయ్యా కొట్లాడుకుంటాండారు?”

“మాకు వేరే పని లేదు, అందుకే!” అన్నారాయన.

మరునాడు నన్ను పిలిచి, ప్రతి వాయిదాలో లింకు కన్నా పైన ఒక వాక్యం రాయమన్నారు. ఎవరు కాచుకొని ఉన్నారు, ఏం కావాలని కాచుకొని ఉన్నారు. ఆ మాట చెబుతూనే, నా కళ్లముందే, మునిలక్ష్మి అక్క ఫైలును కొత్త తేదీలోకి లాగేశారు.

ఇప్పుడు నేను వేరే ఆఫీసులో ఉన్నాను. ఇక్కడ ఫైళ్లను ఎవరూ కదపరు. వాయిదాలో ఆ మొదటి వాక్యం రాయడం మాత్రం మానలేదు. కోర్టు వరండాలోకి రాగానే ముందు బెంచీల వైపు చూస్తాను. అక్కడ కాచుకొని ఉన్న మనిషిని పేరు పెట్టి పిలిచి, పని అయిందో లేదో చెప్పాకే ఎవరి మీదైనా అరుస్తాను.