అత్త వాటా పరుగులు

మొన్న ఆదివారం మా మనవరాలు ఫోను తెచ్చి నా ముఖం ముందు పెట్టింది. అన్ని కాలాల క్రికెటర్లనూ కంప్యూటరు చేత లెక్క కట్టించి, ఎవరు ఎవరికంటే గొప్పో ఎవరో తేల్చేశారట. నేను కళ్ళజోడు వెతుక్కుని, వేలితో కిందికి జరుపుకుంటూ పోతే, మా ఇంట్లో ఒకప్పుడు దేవుడి పటాల పక్కన పెట్టదగినవాడు అనుకున్న బ్యాట్స్‌మన్ ఎక్కడో అడుగున, నేనెన్నడూ పేరైనా వినని ఇద్దరి మధ్య ఇరుక్కుని ఉన్నాడు. "ఇది తప్పు" అన్నాను. "నువ్వు ఆయన ఆట చూసినావా అవ్వా?" అంది. చూడలేదు. మా ఇంట్లో ఎవరూ సరిగ్గా చూడలేదు. అయినా తప్పే. నాకు అరవై దాటాయి, ఈ వయసులో ఒక యంత్రానికి భయపడి మాట మార్చుకునే ఉద్దేశం లేదు. అదీగాక, "చూసినావా" అని అడిగేవాళ్ళకు ఏం చెప్పాలో నేను మా మేనత్త దగ్గర చిత్తూరులోనే నేర్చుకున్నాను.

అప్పుడు నేను కాలేజీలో చేరిన కొత్త. డెబ్బైల చివరి రోజులు. మా నాయనకు బెల్లం మండీ ఉండేది. మద్రాసులో టెస్టు మ్యాచ్ వచ్చిందంటే మండీ గుమాస్తా మీద వదిలేసి, ఇంటి ముందుగదిలో రేడియో పక్కన పడక కుర్చీ వేసుకునేవాడు. మద్రాసు స్టేషన్ వాళ్ళు వ్యాఖ్యానం అరవంలో చెప్పేవాళ్ళు. చిత్తూరు వాళ్ళకు అరవం ఒకరు నేర్పవలసిన పని లేదు గనక ఇంటిల్లిపాదికీ అర్థమయ్యేది. నాయనకు తన కుర్రతనంలో ఆడిన ఓపెనర్ అంటే, ఇప్పుడు ఫోనులో అడుగున పడినవాడే, ప్రాణం. ఆయన్ని చూడాలని ఒకసారి తెల్లవారి బస్సుకు మద్రాసు పోయి, జనాన్ని తోసుకుని లోపల కూర్చునేసరికి ఆ మహానుభావుడు అవుటై వెనక్కి నడుస్తున్నాడట. నాయన చూసింది ఆయన వీపు ఒక్కటే. ఆ వీపును గురించి ఒక పూట మాట్లాడగలిగేవాడు. మా అమ్మ తమ్ముడు, అంటే మా మామ, కొత్త తరం మనిషి. అప్పట్లో ఆడుతున్న పొట్టి ఓపెనర్ ఫోటో పేపర్లోంచి కత్తిరించి బీరువా తలుపుకు లోపలివైపు అంటించుకున్నాడు. ఆయన వీపు కూడా చూసినవాడు కాదు. వీళ్ళిద్దరికీ తోడు ఎదురింటి భాయి, కుట్టుమిషను ఆపేసి వచ్చి, ఎవరు ఓడిపోతుంటే వాళ్ళ పక్షం చేరేవాడు. వాదం తేలిపోతే మళ్ళీ మిషను దగ్గరికి పోవలసి వస్తుందని ఆయన బాధ.

మేనత్త మా నాయనకు అక్క. పెళ్ళైన కొద్దికాలానికే పుత్తూరులో భర్తను పోగొట్టుకుని, తమ్ముడి ఇంటికి వచ్చి వంటిల్లు తనది చేసుకుంది. మా ఇంట్లో ఆమెను ఎవరూ మాట అనేవాళ్ళు కాదు, తిండికి లోటు లేదు. కానీ నాయన మండీకి బయలుదేరేటప్పుడు ఆమె వసారాలోకి రాకూడదు. ఎప్పుడైనా పొరపాటున ఎదురొస్తే నాయన ఏమీ అనకుండా వెనక్కి వచ్చి, కూర్చుని, ఇన్ని నీళ్ళు తాగి మళ్ళీ బయలుదేరేవాడు. ఆ నీళ్ళు ఇవ్వవలసింది కూడా అత్తే. నాకు ఇప్పటికీ ఆ చెంబు గుర్తొస్తే ఒళ్ళు మండుతుంది.

అలాంటి మనిషి క్రికెట్టుకు మాత్రం మంచి శకునమైంది. ఒక చలికాలం మ్యాచ్‌లో మనవాళ్ళ వికెట్లు వరసగా రాలుతున్నాయి. అత్త అనపగింజల గిన్నె నడుముకు ఆనించుకుని, నానిన గింజల్ని పితికి తొక్క తీస్తూ, సాయంత్రానికి పితికిపప్పు చెయ్యమంటారా అని అడగడానికి వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. అక్కడినుంచి భోజనాల వేళ దాకా వికెట్టు పడలేదు. అంతే, ఇక ఆ గుమ్మం ఆమెకు రాసిచ్చేశారు. పొట్టి ఓపెనర్ బ్యాటింగుకు దిగాడంటే, "వదినా, వచ్చి ఆడ నిలబడు" అని మామ కేక వేసేవాడు. కూర్చుంటే కుదరదు, ఒకసారి నేల మీద చతికిలబడితే ఎవడో అవుటయ్యాడట. అందుకని ఆమె గంటలకొద్దీ నిలబడి గింజలు పితికేది, కరివేపాకు దూసేది. రాత్రి నేనే కాళ్ళకు నూనె రాసేదాన్ని. ముందుగదిలో కుర్చీలు చాలానే ఉండేవి.

అట్లాంటి ఒక మ్యాచ్‌లో ఒకరోజు పొట్టివాడు మంచి ఊపు మీద ఉన్నాడు. అత్త పొద్దున్నుంచి గుమ్మంలోనే ఉంది. నాయనా మామా ఎప్పటి గొడవే మొదలుపెట్టారు. వానకు తడిసిన పిచ్ మీద ఆడినవాడు మావాడని నాయన, నలుగురు ఫాస్ట్ బౌలర్లు మీద పడుతుంటే ఆడుతున్నవాడు మావాడని మామ. అప్పుడు అత్త గింజలు పితుకుతూనే అంది: "ఇద్దురూ ఒకటి కాదప్పా. అప్పటోనికి అవతల పక్క నిలబడేవోళ్ళే లేరు. ఒంటిగా ఆడినాడు. ఇప్పటోనికి తోడుండాది. తోడున్నోని ఆటా, తోడు లేనోని ఆటా ఒకే తక్కెడలో ఎట్లా యేస్తారు?"

అంత మంచి మాట అంతకుముందు ఆ గదిలో ఎవరూ అనలేదని నా అభిప్రాయం. మామ మాత్రం రేడియో గొంతు పెంచడానికి కుర్చీలోంచి లేస్తూ, "నువ్వేమన్నా సూసినావా వదినా? మాట్లాడకుండా నిలబడు, ఆడ వాడు ఆడుతుండాడు" అన్నాడు.

అత్త గిన్నె కింద పెట్టింది. చేతులు కొంగుకు తుడుచుకుంది. నడిచి వచ్చి మామ ఖాళీ చేసిన కుర్చీలో కూర్చుంది.

"వదినా, లెయ్. వాడు అవుటైపోతాడు" అన్నాడు మామ. "అయితే కానీ" అంది. ఆమె వెనక్కి ఆనుకోవడం నేను చూడటం అదే మొదలు. రేడియోలో వ్యాఖ్యాత గొంతు పైకి లేచి, దబ్బున పడిపోయింది. పొట్టివాడు అవుట్. మద్రాసు మైదానమంతా నిట్టూర్చిన చప్పుడు మా గదిలోకి వచ్చింది.

"ఏం పని సేస్తివక్కా" అన్నాడు నాయన. "లేసి పో, ఉండేవోళ్ళనన్నా కాపాడుకుందాం."

అత్త లేవలేదు. "రే తమ్ముడా, నేను కూసుంటే వాడు పోయినాడంటే, ఇంతసేపూ ఆడింది నా కాళ్ళే గదా. వాని పరుగుల్లో నా వాటా నాకియ్యండి. అది తీసేసి, మిగిలింది తెచ్చి అప్పటోని పక్కన పెట్టి పోల్సుకోండి. అట్ల కాదు, నాకూ వానికీ సంబంధం లేదంటారా, నేనీడ కూసుంటే మీకేం నొప్పి? పయనానికి ఎదురు రాకూడదు, ఆటకు కదలకూడదు. రెండిట్లో యాదో ఒకటి నిజం సెయ్యండి."

ఎదురింటి భాయి గడ్డం నిమురుకుంటూ, "అక్క అడిగింది న్యాయం. వాటా ఇయ్యాల్సిందే" అన్నాడు, ఓడిపోయేవాళ్ళ పక్షం కాకుండా ఆయన మాట్లాడింది ఆ ఒక్కసారే. ఆ తరువాత బ్యాటు పట్టడం సరిగ్గా రాని బౌలర్లిద్దరు వచ్చి ఆట ముగిసేదాకా నిలిచిపోయారు. అత్త కుర్చీలోనే ఉంది. మామ ఆ పూటంతా నిలబడే విన్నాడు.

మర్నాడు పొద్దున ఆట మొదలయ్యే వేళకు మామ ఆ కుర్చీ తుడిచి, గది మధ్యలో వేసి పెట్టాడు. మర్యాద అనుకుని నేను సంబరపడ్డాను. "వదినా, కుర్చీలోనే కూసో. సాయంత్రం దాకా లెయ్యాకు" అన్నాడు. అత్త కూర్చుంది. మొదటి ఓవరు సగంలో ఉండగా లేచి, వీధి వాకిట్లోకి పోయి కాసేపు గాలి పీల్చుకుని, తీరిగ్గా వచ్చి మళ్ళీ కూర్చుంది. "నాకు కూసోవాలనిపిస్తే కూసుంటా, లెయ్యాలనిపిస్తే లేస్తా" అంది. మ్యాచ్ ఏమైందో నాకు గుర్తు లేదు. గుర్తున్నదల్లా ఆ తరువాతి సోమవారం. నాయన మండీకి బయలుదేరుతుంటే అత్త తిన్నగా వసారాలోకి వచ్చి నిలబడింది. నాయన చెప్పులు తొడుక్కుంటూ ఆగాడు. ఆమె కదలలేదు. నాయన వెనక్కి రాలేదు, నీళ్ళు అడగలేదు. "పోయొస్తానక్కా" అని వెళ్ళిపోయాడు. మండీ మునిగిపోలేదు.

ఇదంతా చెప్పి, ఆ కంప్యూటరు లెక్కలో మా అత్త వాటా ఎక్కడ కలిపారో చూపించమన్నాను. మనవరాలు నవ్వి, అలాంటివి లెక్కలోకి రావు అవ్వా అంది. రావని నాకూ తెలుసు. అయినా ఒప్పుకోనని ఫోను వెనక్కి ఇచ్చేశాను. కాలాలన్నిటినీ పక్కపక్కన పెట్టి తూస్తామనేవాళ్ళు, ముందు ఆ కాలంలో ఎవరు కూర్చున్నారో, ఎవరిని నిలబెట్టారో కనుక్కుని రావాలి.