నవాబును సాగనంపిన ఖాలా

మా పక్కింటి ఖాలా, గల్లీ అందరికీ పిన్ని, మొన్న మధ్యాహ్నం నిద్రలోనే పోయింది. చాయ్ తాగకుండా గడప దాటని మనిషి, ఈ ఒక్క ప్రయాణానికి మాత్రం తాగకుండానే బయలుదేరింది. జహీరాబాద్‌లోని మా గల్లీ మొత్తం గొంతు తగ్గించి మాట్లాడుతోంది. ఆమె ఎంత అరిచినా సాధించలేని ఘనత అది.

నేను ఆమెకు రక్త సంబంధీకుణ్ణి కాను. ఆమె మిరపకాయ బజ్జీలకు శాశ్వత సభ్యుణ్ణి.

పోయినేడు చెరుకు లారీ మీంచి ఒక తెల్లపిల్లి పెళ్లికొడుకులా దిగి, గల్లీలో ఇన్ని ఇళ్లుండగా నేరుగా ఆమె ఇంట్లోకి నడిచింది. ఖాలా దానికి నవాబ్ అని పేరు పెట్టింది. "మనం బిల్లిని సాకుడు కాదు బేటా, అదే మనల్ని సాకుతది" అనేది. ఎండాకాలం మధ్యాహ్నాలు ఇద్దరూ ఒకే మంచం మీద గురక పెట్టేవారు. ఏ గురక ఎవరిదో నేను గోడ ఇవతలినుంచి ఆలోచిస్తూ, నాకు తెలియకుండానే నిద్రలోకి జారిపోయేవాణ్ణి.

పశువుల దవాఖానలో చిప్పులు వేస్తున్నారని తెలిసి, డిగ్రీ చదివిన పాపానికి విజ్ఞానం పంచాను.

"మెడ కాడ తోలు కింద చిన్న చిప్ పెడ్తరు ఖాలా. నవాబ్ తప్పిపోతే మిషిన్‌తోని చూసి, నీ పేరు తెలుసుకోని తెచ్చిస్తరు."

"నొప్పి లేస్తదా?"

"ఒక్క సూది."

"అయితే నాకు గూడ ఏపియ్యి. బజార్ల తప్పిపోత."

డాక్టర్ ముందుగా పిల్లి మెడ మీద మిషన్ తిప్పాడు. మిషన్ కూత పెట్టింది. లోపల చిప్ అప్పటికే ఉంది. దాని నంబరు వెతికితే పుణెలో ఒకాయన పేరు వచ్చింది.

ఖాలా చెయ్యి పిల్లి వీపు మీదే ఆగిపోయింది.

"మిషిన్ ఖరాబైందనుకోని ఇంటికి పోదాం పా" అన్నాను మెల్లగా.

ఆమె చాలాసేపు నవాబ్ చెవులు సవరించింది. "ఆడ దీని గిన్నె ముందట పెట్టుకోని ఎవరో కూసున్నరేమో. ఫోన్ కలుపు బేటా" అంది.

మర్నాడే ఆయన వచ్చాడు. పోయినేడు మా ఊరి అవతల చిరాగ్‌పల్లి దగ్గర చాయ్‌కి కారాపితే, పిల్లి కిటికీలోంచి దూకిందట. బుర్ర మీసాల మనిషి, వాకిట్లో కూలబడి ఏడ్చాడు. ఖాలా అతనికి చాయ్ పోసి, కారు అద్దాలు మూయడం రాదా అని ఉర్దూలో దులిపేసింది. పాలల్లో రొట్టె ఎంతసేపు నానాలో నేర్పి మరీ పంపింది.

కారు మలుపు తిరిగాక నేను జోకు కోసం తడుముకుంటుంటే ఆమే అందుకుంది: "మంచిగైంది. ఇగ పాలన్నీ చాయ్‌కే." ఆ సాయంత్రం గల్లీ అంతా చిక్కటి చాయ్ తాగింది. ఆమె తాగలేదు.

నిన్న పుణెకు ఫోన్ చేసి కబురు చెప్పాను. అప్పుడు ఆయన ఒక సంగతి బయటపెట్టాడు. ఇంటికి చేరిన రోజే చిప్ వివరాల్లో తన పేరు కింద ఆమె పేరు, మా ఊరి పేరు కూడా ఎక్కించాడట. ఆమెకు చెప్పడానికి మొహమాటపడ్డాడట.

ఇప్పుడు కళ్లు మూస్తే నేనెన్నడూ చూడని పుణె కనిపిస్తోంది. ఎండ పడిన గోడ మీద తెల్లపిల్లి పడుకుని ఉంటుంది. ఎక్కడో తలుపు చప్పుడైతే ఒక చెవి కదిలిస్తుంది, కళ్లు తెరవదు. దాని మెడ దగ్గర, బొచ్చు కింద, మా జహీరాబాద్ వెచ్చగా, ఊపిరికి కొంచెం పైకీ కొంచెం కిందికీ కదులుతూ ఉంటుంది.