మాట్లాడనన్న మిషను

1996లో మహబూబ్‌నగర్‌లో ఒక సర్కారు ఆఫీసులో లియాఖత్ అలీ, నేను పక్కపక్కనే యూనిక్స్ కంప్యూటర్ మిషన్ల మీద పనిచేసేవాళ్లం. అతని భార్య జాహేదాకు నల్లగొండలో అదే ఉద్యోగం. పెళ్లయి రెండేళ్లయినా కలిసుండేది ఆదివారాలే. అందుకే రోజూ పదింటికి ఆమె 'టాక్' అనే కమాండు కొట్టి పిలిస్తే, ఇద్దరూ తెర మీద టైపు చేసుకుంటూ మాట్లాడుకునేవారు. ఫోను మా ఆఫీసరు సారు గదిలో ఉండేది. అక్కడ పెళ్లాంతో మాట్లాడే ధైర్యం మావాడికెక్కడిది!

ఆ వారం జాహేదా పిలుపు రాలేదు. మూడు రోజులు చూసి గురువారం నుంచి లియాఖతే పిలిస్తే, ఎప్పుడు కొట్టినా ఆమె మిషను మీద లేదనే జవాబు. లైను ఉందో లేదో చూసే 'పింగ్' కొడితే మాత్రం నల్లగొండ నుంచి టకటకా బదులు వచ్చేది. అతను తీగలు పీకి మళ్లీ పెట్టాడు, లైను కలిపే మోడెం డబ్బా ఆపి మళ్లీ వేశాడు. చూసి చూసి నాకు ఒళ్లు మండింది.

"లైన్ మంచిగనే ఉంది భాయ్. గామె అలిగింది," అన్నాను.

"గామె పేరు తెర మీద పడకుంటే అన్నం పోతలేదన్నా. ఈడికి బదిలీ అడగనీకి శనివారమే ఆఖరు. కాయితం ఇచ్చిందో లేదో."

శనివారం మధ్యాహ్నం, నా మిషను నుంచి లియాఖత్‌నే 'టాక్'లో పిలిచి చూశాను. అవతలి మనిషి మాట్లాడనంటున్నాడని ఇంగ్లిషులో వచ్చింది. పక్కనే ఉన్నాడు కదా! అతను మిషనులోకి రాగానే నడిచే లాగిన్ ఫైలు తెరిస్తే, ఎవరి పిలుపూ రానివ్వొద్దనే లైను కనిపించింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది.

"గిది ఎవలు పెట్టిన్రు?"

"నేనే."

ఆ వారం మొదట్లో, సోమవారం, సారు వెనక నిలబడి రిపోర్టు చూస్తుండగా, జాహేదా పిలుస్తోందని నడిమధ్యలో పడిందట. సారు నవ్వాడట. సిగ్గుతో ఆ ఒక్క పూటకని పిలుపులు ఆపి, తీయడం మరిచాడు. ఆమె పిలిచిన ప్రతిసారీ ఆమెకు ఈ జవాబే పోయింది.

అప్పటికప్పుడు దేవరకొండ మీదుగా బస్సెక్కాడు. చేరేసరికి నల్లగొండ ఆఫీసు మూశారు. ఇంటికి పోతే తెలిసింది, మూడు రోజులు పిలిచి పిలిచి, జాహేదా మిషను వదిలి కాయితాల పనికి మారిందట. బదిలీ అర్జీ చింపేసిందట.

"'మీరే వద్దంటిరి గదా' అన్నదన్నా," అని సోమవారం పొద్దున నాతో చెప్పి ఏడ్చాడు. మళ్లీ అర్జీ పెట్టాలంటే ఏడాది ఆగాలి. పదింటికి మళ్లీ మిషను మీదికి వచ్చి పిలుస్తానందని, ఆ లైను తీసేసి కూర్చున్నాడు.

పదింటికి సారు వచ్చి వెనక నిలబడ్డాడు. రిపోర్టు మధ్యలో జాహేదా పేరు పడింది. సారు నవ్వాడు.

"నా భార్య సార్. మీరు జర ఆగాలె," అన్నాడు లియాఖత్. రిపోర్టు పక్కన పెట్టి జవాబు కొట్టడం మొదలుపెట్టాడు.